గావ్ సారు చెప్పిందే జవాబు

ఇంగ్లీషులో గెట్ అని ఒక మాట ఉంది. చూస్తే ఇంతే ఉంటుంది. బహ్రెయిన్‌లో వీసా ఇచ్చిన కఫీల్ మీద, అంటే యజమాని మీద, కోపం ఉన్నవాళ్ళున్నారు, ఉక్కపోత మీద కోపం ఉన్నవాళ్ళున్నారు, సెలవుల ముందు పెరిగే విమాన టికెట్ల మీద కోపం ఉన్నవాళ్ళకైతే కొదవే లేదు. కానీ ఒక ఇంగ్లీషు మాట మీద పళ్ళు నూరుకుంటూ బస్సెక్కే మనిషి ఉమ్మ్ అల్ హస్సామ్ పేట మొత్తానికి కళ ఒక్కతే.

కళది కోరుట్ల. అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతికీ తొమ్మిదో తరగతికీ ఇంగ్లీషు చెప్పేది. బీఈడీ చదివింది. గొంతు ఎత్తిందంటే వెనక బెంచీ వాళ్ళు కూడా కాళ్ళు సర్దుకుని కూచునేవాళ్ళు. పెళ్ళయ్యాక మొగుడు పరమేశ్ వెంట దుబాయి వచ్చింది. దుబాయి అంటే బహ్రెయినే, కోరుట్ల వాళ్ళకి గల్ఫంతా దుబాయే. పరమేశ్ హమద్ టౌన్‌లో ఇళ్ళకి ఏసీలు బిగించే కంపెనీలో పనిచేస్తాడు. కళకి దొరికింది సీఫ్‌లో ఒక మాల్‌లోని పిల్లల బట్టల షాపు. జనం విప్పి పడేసిన గౌన్లు మడత పెట్టాలి, వాళ్ళు మళ్ళీ విప్పితే మళ్ళీ మడత పెట్టాలి. ఇక్కడ ప్రతి మనిషికీ సీపీఆర్ అని ఒక గుర్తింపు కార్డుంటుంది. కళ కార్డు లెక్కల్లో ఆమె ఉద్యోగం సేల్స్. ఎవరైనా ఆ సంగతి అడిగితే చాలు, ఆమెకి ఒళ్ళు మండుకొచ్చేది. చదువుకున్న చదువేమిటి, చేస్తున్న పనేమిటి అని రోజూ అనుకునేది, రోజూ అదే బస్సెక్కేది.

అందుకే బాఖర్ సార్ ఇన్‌స్టిట్యూట్‌లో పొద్దుటి పూట క్లాసు చెప్పమంటే ఎగిరి గంతేసింది. బాఖర్ సార్ హైదరాబాదు మనిషి. మొదట డ్రైవరుగా వచ్చి, తర్వాత ఏవేవో చేసి, చివరికి ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక లాండ్రీ పైన రెండు గదులు అద్దెకి తీసుకుని స్పోకెన్ ఇంగ్లీషు బోర్డు పెట్టాడు. కళ షాపు డ్యూటీ మధ్యాహ్నం మొదలవుతుంది కాబట్టి పొద్దున ఖాళీయే.

"గీ చైనా బ్యాచ్ ఒక్కటి గట్టెక్కించమ్మా," అన్నాడు ఆయన. "పాసైతే ఏడాది కాంట్రాక్ట్ ఇస్తమంటున్నరు. అది వచ్చిందంటే నీ వీసా నా ఇన్‌స్టిట్యూట్ మీదికి మార్పిస్త. కార్డుల టీచర్ అని పడ్తది. జబాన్ ఇస్తున్న."

టీచర్ అని పడుతుంది. ఆ మాట పట్టుకుని కళ ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు తోముతూ కూడా నవ్వుకుంది.

చైనా బ్యాచ్ అంటే, సీఫ్ పక్కన కొత్తగా తెరవబోయే ఒక పెద్ద దీపాల షాపు వాళ్ళు. షాండ్లియర్లు, టేబుల్ ల్యాంపులు అమ్మే చైనా కంపెనీ. కౌంటర్లో నిలబడటానికి ఓ డజను మంది ఆడపిల్లల్ని చైనా నుంచి తెచ్చుకున్నారు. కొనేవాళ్ళు అరబ్బులు, మలయాళీలు, ఫిలిప్పీన్ వాళ్ళు, అందరికీ మధ్య భాష ఇంగ్లీషే. అందుకని హెడ్డాఫీసు నుంచి ఒకావిడ వచ్చి మాటల్లో పరీక్ష పెడుతుంది. పాసైన పిల్ల కౌంటర్లో ఉంటుంది, తప్పిన పిల్ల ఊరి బయట గోడౌన్లో అట్టపెట్టెలు మోస్తుంది. పరీక్షలో ఎలాంటి ప్రశ్నలుంటాయో నమూనా పంపారు. కళ చూసింది. పొద్దున ఎన్నింటికి లేస్తావు, పనికి ఎలా వస్తావు, కస్టమరుకి కోపం వస్తే ఏం చేస్తావు. అన్నీ రోజువారీ మాటలే. అన్నిట్లోనూ గెట్టే.

ఆ మాటని తలుచుకుంటే తెలుగు వాళ్ళకి ఏమీ అనిపించదు, అలవాటైపోయింది. చైనా పిల్లలకి అలా కాదు. లేవడానికీ గెట్టే, చేరడానికీ గెట్టే, కొనడానికీ గెట్టే, అర్థం కావడానికీ గెట్టే, పెళ్ళి చేసుకోవడానికి కూడా గెట్టే. వాళ్ళ పుస్తకంలో మాత్రం గెట్ పక్కన ఒకే ఒక్క చైనా మాట ఉంది. దానికి అర్థం పొందడం.

మొదటి రోజు కళ బోర్డు నిండా వాక్యాలు రాసింది. పిల్లలు శ్రద్ధగా చూశారు. ముందు వరుసలో నట్టనడుమ ఒక పెద్దాయన కూచున్నాడు. ఆయన గావ్, ఆ షాపు మేనేజరు. యాభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు. తను కూడా నేర్చుకుంటానని వచ్చి కూచున్నాడు, ఆయన కూచున్నాకే పిల్లలు కూచున్నారు.

కళ వాక్యాలన్నీ చదివి వినిపించాక గావ్ సారు చెయ్యెత్తాడు. "టీచర్, గెట్ అంటే పొందడం. ఒకటే. మిగతావి అక్కర్లేదు," అని ఇంగ్లీషులో చెప్పి, వెనక్కి తిరిగి అదే చైనాలో చెప్పాడు. పిల్లలంతా తలలు వంచి రాసుకున్నారు.

పోనీలే మొదటి రోజు కదా అనుకుంది కళ. అలా అనుకోవడమే పొరపాటైంది.

మర్నాడు లిన్ అనే పిల్లని లేపింది. చురుకైన పిల్ల, కళ్ళు బోర్డు మీంచి కదలవు. "హౌ డు యూ గెట్ టు వర్క్?" అని అడిగింది. పనికి ఎలా వస్తావు అని.

"ఐ గెట్ వర్క్ ఫ్రమ్ మిస్టర్ గావ్," అంది లిన్. గావ్ గారి నుంచి పని పొందుతాను అని.

కళ నవ్వాపుకుని పక్క పిల్లని అడిగింది. ఆ పిల్లా గావ్ గారి నుంచే పని పొందింది. ఆ పక్క పిల్లా అంతే. గది చివరి దాకా అందరూ గావ్ గారి నుంచి పని పొందుతూనే ఉన్నారు. గావ్ సారు ఫ్లాస్కు మూత తిప్పుకుంటూ తృప్తిగా తలాడించాడు. కళ చేతిలో మార్కర్ విరగలేదు గానీ విరగ్గొట్టాలనిపించింది.

వారం పాటు ఇదే వరస. బొమ్మలు వేసింది, బస్సెక్కినట్టు నటించింది, కుర్చీలోంచి లేచి చూపించింది. చూసినంతసేపూ అందరికీ అర్థమైనట్టే ఉండేది. నోరు విప్పితే మళ్ళీ పొందడమే. చివరికి ఓపిక నశించి ఒక పొద్దున, "మిస్టర్ గావ్, అది తప్పు. ఇక్కడ ఆ అర్థం రాదు," అనేసింది.

గావ్ సారు చెవులు ఎర్రబడ్డాయి. పిల్లలంతా ఒక్కసారే తలలు దించుకున్నారు, తిట్లు తమకే పడ్డట్టు. క్లాసయ్యాక ఆయన థాంక్యూ చెప్పి, వంగి మరీ నమస్కారం పెట్టి వెళ్ళాడు. తెల్లారితే క్లాసుకి ఒక్కరూ రాలేదు.

బాఖర్ సార్ ఫోన్ చేసి పిలిపించాడు. "ఏందమ్మా నువ్వు? ఆయనకు అందరి ముంగట గలత్ అంటవా?"

"గలత్ చెప్తే గలత్ అనకుంటే ఏమనాలె సార్?"

"ఏమన్న అను, గలత్ అని మాత్రం అనకు. ఫీజు ఆయన సంతకంతోటి వస్తది. నేను పొయ్యి మాఫీ అడుక్కొచ్చిన. ఇగ రేపటి నుంచి వస్తరు. ఆయనను జర ఇజ్జత్‌గ చూసుకో."

"ఆయనకు వేరే టైముల చెప్త సార్. పిల్లలను వేరే కూసోబెట్టుండ్రి."

"ఆయన లేకుంటే పిల్లలు రారు, పిల్లలు లేకుంటే ఆయన రాడు. నాకు తెల్వదా ఏంది, అడిగి చూసిన," అని బాఖర్ సార్ ఖలాస్ అన్నట్టు చెయ్యి ఊపేశాడు.

ఇంటికొచ్చి పరమేశ్ మీద విరుచుకుపడింది. పాపం అతనేం చేశాడు, డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్నాడు.

"దిద్దితే క్లాసు బంద్, దిద్దకుంటే పరీక్ష బంద్. ఏం జెయ్యాలె నేను?"

"ఊకోరాదే," అన్నాడు అతను. "చెప్పేది చెప్పినవ్. పాసైతే అయితరు, లేకుంటే లేదు."

"వాళ్ళు పాసు గాకుంటే నేను ముసలిదాన్నయ్యేదాంక గౌన్లు మడుసుకుంట కూసోవాలె. నీకేం, నువ్వు నేర్చిన పనే చేస్తున్నవ్."

పరమేశ్ బీఈడీ చదవలేదు గానీ భార్య ఏడుపుకీ కోపానికీ తేడా తెలిసిన మనిషి, టీ పెట్టి ఇచ్చాడు.

తర్వాత కొన్నాళ్ళకి ఒక పొద్దున పిల్లలు ఒక్కళ్ళే వచ్చారు. కంటైనరు వచ్చిందని గావ్ సారు పోర్టుకి పోయాడట. ముందు వరుసలో ఆయన కుర్చీ ఖాళీగా ఉంది, ఎవరూ అందులో కూచోలేదు.

ఆ రోజు కళకి పాఠం మీద మనసు లేదు. పుస్తకం పక్కన పెట్టి ఊరికే కబుర్లు మొదలుపెట్టింది. "మా భాషలో కొట్టు అని ఒక మాట ఉంది," అంది ఇంగ్లీషులో. "మేకు కొడతాం. ఈల కొడతాం. సైకిల్‌కి గాలి కొడతాం. ఫోన్ కొడతాం. చెత్త కుండీ వాసన కొడుతుంది. క్లాసు బోరు కొడుతుంది. అల్లరి చేస్తే పిల్లల్నీ కొడతాం." ఒక్కొక్కటీ చేసి చూపించింది. గాలి కొట్టేటప్పుడు పంపు నొక్కుతూ వంగి లేచింది, వాసన కొట్టినప్పుడు ముక్కు మూసుకుంది.

పిల్లలు పకపకా నవ్వారు. లిన్ అయితే బల్ల మీద చరిచి, "డా! డా!" అని అరిచింది. వాళ్ళ భాషలోనూ సరిగ్గా అలాంటి మాటే ఉందట, డా అని. దానికి అసలు అర్థం కొట్టడమే. ఫోనుకీ డా, టాక్సీ పిలవడానికీ డా, బంతాటకీ డా, చేపలు పట్టడానికీ డా, గొడుగు వేసుకోవడానికీ డా. ఒకరి మాట మీద ఒకరు పడి చెప్పారు. ఒకమ్మాయి స్వెట్టరు అల్లడానికి కూడా డాయే అని సూదులు తిప్పి చూపించింది.

"మీరెప్పుడైనా డా ఎందుకిన్ని పనులు చేస్తుందని అడిగారా?" అంది కళ. "లేదు కదా. గెట్ కూడా అంతే. దానికి అర్థం వెతక్కండి. పక్కన ఎవరున్నారో చూడండి, అంతే."

ఆ ఊపులోనే లిన్ వైపు తిరిగి, "హౌ డు యూ గెట్ టు వర్క్?" అని అడిగింది.

"ఐ గెట్ టు వర్క్ బై కంపెనీ వ్యాన్," అంది లిన్, తడుముకోకుండా.

కళ గబగబా ముందుకొచ్చింది. పక్క పిల్లని అడిగింది. సరైన జవాబే. ఎన్నింటికి లేస్తావు, ఎప్పుడు అలసిపోతావు, కస్టమరుకి కోపం వస్తే ఏం చేస్తావు, ఏదడిగినా గడగడా చెప్పారు. ఒకరిద్దరు తడబడ్డారు గానీ అడ్డదారి తొక్కినవాళ్ళు లేరు. కళకి ఆ రోజు భూమ్మీద కాళ్ళు నిలవలేదు. వెళ్ళేటప్పుడు పిల్లలంతా కళ లావ్‌షీ, కళ లావ్‌షీ అంటూ చేతులూపారు. లావ్‌షీ అంటే వాళ్ళ భాషలో టీచరు.

సీఫ్ బస్సులో కూచుని పరమేశ్‌కి ఫోన్ కొట్టింది. "వచ్చిందయ్యా వాళ్ళకు! అంతా వచ్చింది!" అని గట్టిగా చెప్తుంటే బస్సులో జనం వెనక్కి తిరిగి చూశారు.

మర్నాడు గావ్ సారు వచ్చాడు. వచ్చి తన కుర్చీలో కూచుని ఫ్లాస్కు బల్ల మీద పెట్టాడు. కళ నవ్వుతూ లిన్‌ని లేపి అదే ప్రశ్న వేసింది.

లిన్ ఒక క్షణం గావ్ సారు వీపు వైపు చూసింది. "ఐ గెట్ వర్క్ ఫ్రమ్ మిస్టర్ గావ్," అంది.

కళకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజు క్లాసు ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. అయిపోగానే మెట్ల దగ్గర లిన్‌ని ఆపి, "నిన్న వచ్చింది ఇవాళ ఎందుకు రాలేదు? నాతో ఆటలా?" అని నిలదీసింది. తొమ్మిదో తరగతి గొంతు అది, కింద లాండ్రీ వాడు కూడా తలెత్తి చూశాడు.

లిన్ భయపడలేదు, సిగ్గుపడింది. గావ్ సారు కిందికి దిగిపోయాడో లేదో చూసి, వచ్చిన ఇంగ్లీషులో కూడబలుక్కుని చెప్పింది. గావ్ సారు మొదటి రోజే గెట్ అంటే ఇదీ అని చెప్పేశాడు. ఆయన పెద్ద. ఆయన ఎదురుగా వేరే జవాబు చెబితే, ఆయన తప్పు అని మేం నలుగురిలో చెప్పినట్టు. అది మేం చెప్పలేం. ఎవరమూ చెప్పం.

"మరి పరీక్షలో?"

"పరీక్షలో కూడా ఆయన పక్కనే కూచుంటారు," అంది లిన్. అని వంగి నమస్కారం పెట్టి గబగబా మెట్లు దిగిపోయింది.

కళకి తిట్టాలని నోటిదాకా వచ్చింది గానీ తిట్టలేకపోయింది. ఎందుకంటే ఆమెకి కోరుట్ల స్కూలు కరస్పాండెంటు సార్ గుర్తొచ్చాడు. ఒకసారి సైన్స్ ఫెయిర్‌లో ఆయన సూర్యగ్రహణం బొమ్మ చూపించి, ఇదే చంద్రగ్రహణం అని వచ్చిన తల్లిదండ్రులందరికీ వివరించాడు. సైన్స్ మాస్టారు పక్కనే నిలబడి అవును సార్ అన్నాడు. కళ కూడా అంది. ఆ ఏడాది ఆ స్కూలు పిల్లలు పరీక్షలో ఏ గ్రహణం రాశారో దేవుడికే తెలియాలి. ఈ పిల్లల్ని ఏ మొహం పెట్టుకుని తిడుతుంది?

కానీ అర్థమైనంత మాత్రాన కోపం పోదు. ఇంకా పెరిగింది. తెలియనివాళ్ళకి నేర్పొచ్చు, తెలిసి నోరు మూసుకున్నవాళ్ళకి ఏం నేర్పుతారు? రకరకాల ఉపాయాలు పన్నింది. గావ్ సారుని అందరికంటే చివర అడిగింది, అప్పుడు ఆయన చెప్పేదాకా ఒక్కరూ నోరు విప్పలేదు, బోలెడంత సేపు ఏసీ చప్పుడు వింటూ కూచున్నారు. ఇద్దరిద్దరుగా మాట్లాడుకోమంది, ఆయన చెవికి వినపడేంత దూరంలో గుసగుసలు కూడా ఆయన చెప్పినట్టే సాగాయి. ఆయన కోసం విడిగా నాలుగు వాక్యాలు ముద్రించి ఇంటికిచ్చింది, ఆయన చక్కగా మడిచి జేబులో పెట్టుకుని ఎప్పుడూ తెరవలేదు. పరీక్ష మీదికొచ్చేసింది. కళకి తిండి సయించడం మానేసింది.

పరీక్ష రేపనగా, కళ క్లాసుకి వచ్చి మార్కర్ ముట్టుకోలేదు. బోర్డు ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ముందురోజు సాయంత్రం బట్టలు మడత పెడుతూ ఆలోచించి ఆలోచించి ఒకే దారి ఉందని తేల్చుకుంది. ఆయన తప్పని ఎవరూ అనకూడదు. తప్పు ఉంది కాబట్టి అది ఇంకెవరిదైనా కావాలి. ఆ గదిలో ఇంకెవరున్నారు?

"నేను మీకు క్షమాపణ చెప్పాలి," అంది. "మొదటి రోజు గెట్ అంటే పొందడం అని మీకు చెప్పింది నేనే. సగం పాఠం చెప్పి వదిలేశాను. మిస్టర్ గావ్ నేను చెప్పింది చెప్పినట్టు నేర్చుకున్నారు. తప్పు ఆయనది కాదు. తప్పు నాది."

ఇది అబద్ధమని అక్కడ ప్రతి ఒక్కరికీ తెలుసు. గావ్ సారు కళ మొహం కేసి చూశాడు. నమ్మాడో, నమ్మినట్టు కనిపించడమే మేలనుకున్నాడో, ఆయన మొహం చూస్తే తెలిసేది కాదు. తర్వాత మెల్లగా నవ్వాడు.

"ఓహ్. టీచర్ తప్పు!" అన్నాడు. వెనక్కి తిరిగి పిల్లలకి చైనాలో చెప్పాడు. పిల్లలు కూడా నవ్వారు. అందరూ టీచర్ తప్పు, టీచర్ తప్పు అనుకున్నారు, గుండెల మీంచి బరువు దిగినట్టుగా.

కళ పాఠమంతా మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది. ముందు గావ్ సారునే అడిగింది. "ఐ గెట్ టు వర్క్ బై కార్," అన్నాడు ఆయన, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ. ఆయన వెనకాలే పిల్లలందరూ వ్యాన్లో, బస్సులో, నడిచి, ఎవరి దారిన వాళ్ళు పనికి చేరుకున్నారు.

పరీక్ష జరిగింది. హెడ్డాఫీసావిడ ఏదడిగినా పిల్లలు తేల్చి చెప్పారు. గావ్ సారు పక్కనే కూచుని తలాడిస్తుంటే ఆయన తలాడించిన కొద్దీ వాళ్ళ గొంతు పెరిగింది. ఒక్క పిల్ల కూడా గోడౌన్‌కి పోలేదు. ఆ వార్త విని కళ షాపులో గౌన్లు మడత పెట్టడం ఆపేసి, ట్రయల్ రూమ్‌లోకి పోయి, కళ్ళు తుడుచుకుని వచ్చింది.

ఆదివారం పొద్దున గావ్ సారు కాంట్రాక్టు మాట్లాడటానికి వచ్చాడు. పిల్లలు తమ తమ చోట్ల కూచున్నారు. బాఖర్ సార్ ఖర్జూరాలు, గాహ్వా అనే అరబ్బు కాఫీ తెప్పించాడు. కళ కొత్త చీర కట్టుకుంది.

గావ్ సారు ముందు కళని మెచ్చుకున్నాడు. "కళ లావ్‌షీ చాలా మంచి మనిషి. తప్పు చేస్తే తప్పని ఒప్పుకుంది," అన్నాడు. తర్వాత బాఖర్ సార్ వైపు తిరిగి, ఏ కోపమూ లేకుండా, లెక్క తేలిన మనిషిలా చెప్పాడు. ఏడాది కాంట్రాక్టు ఇస్తాం. కానీ మొదట్లో మాకు తప్పు నేర్పారు, చాలా రోజులు వృథా అయ్యాయి. ఇంకో టీచరు కావాలి. తప్పు నేర్పని టీచరు.

బాఖర్ సార్ ఖర్జూరం నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు. "కళమ్మా," అన్నాడు తెలుగులో, గొంతు తగ్గించి, "నువ్వట్ల చెప్పినవా? సచ్ చెప్పు. నేన్ వింట."

కళ పిల్లల వైపు చూసింది. అందరి తలలూ వంగి ఉన్నాయి. లిన్ ఒక్కతే తలెత్తింది. కుర్చీలోంచి కొంచెం లేచింది కూడా, నోరు తెరిచింది. గావ్ సారు వెనక్కి తిరగనైనా లేదు, గాహ్వా తాగుతున్నాడు. లిన్ మళ్ళీ కూచుంది.

నిజం చెప్పడానికి కళకి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం చెబితే, ఆయన తప్పని ఈ పిల్లలకి మొదటి నుంచీ తెలుసన్న సంగతి కూడా బయటపడుతుంది. తెలిసీ తనని తప్పులో ఉంచారని ఆయనకి అర్థమైన రోజు, పరీక్ష పాసైనా సరే, పెట్టెలు మోసేది ఎవరో కళకి తెలుసు. మొదట మోసేది లిన్నే.

"చెప్పిన సార్," అంది. "తప్పు నాదే."

బయట వరండాలో బాఖర్ సార్ ఆమె వెంట నాలుగడుగులు వచ్చాడు. "ఇంకో బ్యాచ్ వస్తే పిలుస్త తల్లీ, తప్పకుండ పిలుస్త," అన్నాడు. అంటున్నంతసేపూ గోడ మీది కరెంటు మీటరు వైపే చూశాడు. ఆయనకి తెలుసని కళకి అర్థమైంది. తెలిసీ కాంట్రాక్టు మీద సంతకం చేయించుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

ఆ రాత్రి పరమేశ్ విని, "ఎవని తప్పో నెత్తినేసుకొని ఏం బావుకున్నవే?" అన్నాడు. అనకూడని మాట కాదు, కానీ ఆ రోజు అనాల్సిన మాట కాదు. కళ కంచం ముందు నుంచి లేచిపోయింది.

కొత్త టీచరు మెహక్, బాఖర్ సార్ చెల్లెలి కూతురు. ఇంకా హైదరాబాదు బ్యాగులు పూర్తిగా విప్పుకోలేదు. కళ క్లాసుగది తాళంచెవి తిరిగివ్వడానికి ఒక పొద్దున ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళింది. పాఠం జరుగుతోంది. తాళంచెవి బయట టేబుల్ మీద పెట్టి పోదామనుకుంది, కానీ లోపలి గొంతులు విని తలుపు పక్కనే ఆగిపోయింది.

"హౌ డు యూ గెట్ టు వర్క్?" అని అడుగుతోంది మెహక్.

గావ్ సారు కారులో వస్తానన్నాడు. పిల్లలు వరసగా వ్యాన్లో వచ్చారు, బస్సులో వచ్చారు. లేవడం, అలసిపోవడం, అర్థం కావడం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు ఎత్తాలో, అన్నీ కళ నేర్పినవే. ఎక్కడా ఒక్క తప్పు లేదు.

"అరే, మీకు ఇంత బాగా వచ్చా!" అంది మెహక్ సంబరంగా. "ఎవరు నేర్పారు మీకు?"

కళ తలుపుకి ఇంకొంచెం దగ్గరికి జరిగింది. ఎందుకు జరిగిందో ఆమెకే తెలియదు, ఇంకా ఏం ఆశపడుతోందో.

"ముందున్న టీచరు తప్పు నేర్పింది," అన్నాడు గావ్ సారు. "మేమే సరిచేసుకున్నాం." తర్వాత వెనక్కి తిరిగి పిల్లల్ని అడిగాడు, "కరెక్ట్?"

"యెస్!" అన్నారు పిల్లలంతా ఒకే గొంతుతో.

ఒకే గొంతే. అయినా ఇన్నాళ్ళు రోజూ లేపి అడిగిన పిల్ల కదా, ఆ యెస్‌లో లిన్ గొంతు కళకి విడిగా, స్పష్టంగా వినిపించింది. పోల్చుకోలేకపోయినా బాగుండేది.